పాత కటకములకు క్రొత్త కెమెరా

ఛాయాచిత్రములు తీయుట వృత్తిగా గలవారి సంచి విప్పి చూచినచో, అందు కెమెరాలు ఒకటి రెండింటికంటె ఎక్కువ కానరావు. కటకములు మాత్రము నాలుగైదు ఉండును. సభలోని జనమునంతటిని ఒక్క చిత్రమున ఇముడ్చుటకు ఒకటి, ముఖములు తీయుటకు ఒకటి, ఆటస్థలమున ఎక్కడనో పరుగెత్తు క్రీడాకారుని చేరువగా చూపుటకు మూరెడు పొడవు గలది మరియొకటి. వీనిలో పెద్దదాని వెల కెమెరా వెలను మించియుండుట వింత కాదు. కెమెరా త్వరగా పాతబడును. మంచి కటకము జాగ్రత్తగా వాడుకొన్నచో ముప్పది నలుబది యేండ్లు పనిచేయును. కావున క్రొత్త కెమెరా వెలువడినదని వినినంతనే అట్టివారు అడుగు మొదటి ప్రశ్న, "మా కటకములు దీనికి అమరునా?" అనునదే.

అమరుట యనగా గాడిలో పట్టుట మాత్రమే కాదు. ఒక కుంభాకార కటకమును కిటికీకి ఎదురుగా పట్టి, దాని వెనుక తెల్లకాగితము నుంచినచో, బయటి చెట్టు తలక్రిందుగా కాగితముపై కనబడును. కాగితమును కొంచెము ముందుకు గాని వెనుకకు గాని జరిపినచో ఆ బొమ్మ చెదరిపోవును. కెమెరాలో కాగితమునకు బదులు ఫిల్ము ఉండును. కటకము బిగియు లోహకంకణమునుండి ఫిల్ము వరకు గల దూరము ఆ కటకము కొరకు నిర్ణయింపబడిన దూరమే కావలయును. వెండ్రుకవాసి తేడా వచ్చినను చిత్రము మసకబారును.

జపాను దేశమున నిప్పన్ కొగాకు అను సంస్థ 1959లో "నికాన్ ఎఫ్" అను కెమెరాను వెలువరించెను. ఈ సంస్థయే 1988లో నికాన్ అను పేరు దాల్చినది. నికాన్ ఎఫ్ కెమెరా ముఖద్వారమున కటకము నుంచి కొంచెము త్రిప్పినంతనే, దాని మూడు పండ్లు గాడిలో పడి బిగిసిపోవును. కంకణమునుండి ఫిల్మునకు దూరము 46.5 మిల్లీమీటర్లు. ఆ కంకణమును, ఆ దూరమును నికాన్ సంస్థ పలు దశాబ్దములు మార్పక నిలుపుకొనెను. నడుమ సవరణలు జరుగకపోలేదు. 1977లో కటకపు వెలుతురు ద్వారమును కెమెరాకు తెలుపు పద్ధతి మారగా, అంతకు పూర్వపు కటకములకు ఒక వలయము మార్పించుకొనవలసి వచ్చెను. అయినను పాతవానిని పారవేయవలసిన అగత్యము కలుగలేదు.

పోటీదారుగానున్న కెనాన్ సంస్థ వేరొక మార్గము త్రొక్కెను. నాభీకరణము తనంతట తానే జరుగు కెమెరాలకు గిరాకి పెరుగుచున్న ఆ దినములలో, 1987లో, కెనాన్ తన పాత కంకణమును పూర్తిగా విడిచి, "ఇ.ఓ.ఎస్." అను క్రొత్త వరుసను ప్రారంభించెను. ఇందు కటకము బిగియు ద్వారము వెడల్పు 54 మిల్లీమీటర్లు. నికాన్ ఎఫ్‌ది 44 మాత్రమే. కెమెరాకును కటకమునకును నడుమ మీటలు, చీలలు లేవు. వార్తలన్నియు విద్యుత్తు ద్వారానే సాగును. నాభీకరణము చేయు మోటారును కటకములోనే అమర్చిరి. కాని పాత కెనాన్ కెమెరాలలో 42 మిల్లీమీటర్లుగా నుండిన దూరము క్రొత్తవానిలో 44 అయ్యెను. ఆ రెండు మిల్లీమీటర్ల వలన పాత కటకము క్రొత్త కెమెరాపై దూరపు వస్తువులను స్పష్టముగా చూపజాలదు. నడుమ మరియొక అద్దము నుంచిన గాని ఆ లోపము తీరదు. ఏండ్ల తరబడి సొమ్ము కూడబెట్టి కటకములు కొన్నవారికి ఇది ఎంత కష్టముగా తోచియుండునో ఊహింపవచ్చును. అయినను న్యాయముగా చెప్పవలెనన్న, ఆ సాహసమే తరువాత కెనాన్‌కు మేలు చేసినది. క్రీడారంగమున దాని కటకములు వేగమునకు పేరొందెను.

ఇంతలో ఫిల్ము కాలము ముగియ వచ్చెను. 1991లో కోడక్ సంస్థ నికాన్ ఎఫ్-3 కెమెరానే తీసికొని, ఫిల్ము ఉండుచోట సెన్సారు అను పలకను అమర్చి విక్రయించెను. చిత్రములు భద్రపరచు పెట్టె వేరుగా ఉండెడిది. దానిని భుజమునకు తగిలించుకొని తిరుగవలెను! తుదకు 1999లో నికాన్ సంస్థ తానే స్వయముగా నిర్మించిన "డి-1" అను డిజిటల్ కెమెరాను ప్రకటించెను. దాని వెల జపానులో 6,50,000 యెన్లు. ఒక చిత్రమునకు ఇరువదియారు లక్షలకు పైబడిన బిందువులు. నేటి చేతిఫోను దీనిని చూచి నవ్వవచ్చును గాని, వార్తాపత్రికకు అది చాలియుండెను. అంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి కలదు: దాని ముఖమున 1959 నాటి కంకణమే ఉండెను. పత్రికా ఛాయాచిత్రకారుడు కెమెరా ఒక్కటి కొనిన చాలును. కటకములు అతని సంచిలోనే యున్నవి. చేతితో నాభీకరణము చేయవలసిన పాతరకములు సైతము, కొన్ని సౌకర్యములు తగ్గినను, దానిపై చిత్రము తీయగలిగెను.

ఇందొక చిక్కు లేకపోలేదు. ఫిల్ముపై చిత్రము పొడవు 36, వెడల్పు 24 మిల్లీమీటర్లు. డి-1 సెన్సారు పొడవు 23.7, వెడల్పు 15.6 మాత్రమే. కటకము మునుపటివలెనే పెద్ద బొమ్మను పరచుచున్నను, చిన్న పలక దాని నడిమి భాగమునే గ్రహించును. అందువలన 300 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకము 450 గలదానివలె దూరపు వస్తువును దగ్గరకు తెచ్చును. క్రికెట్ ఆట చిత్రించువారికి ఇది అయాచిత లాభము. కాని ఇరుకుగదిలో పెండ్లి చిత్రములు తీయువారి 20 మిల్లీమీటర్ల కటకము 30 గలదైపోయి, గోడకు వీపు ఆన్చి నిలిచినను పెండ్లివారందరు చిత్రమున ఇమడరు. ఒకే కెమెరా ఒకరికి వరము, మరియొకరికి ఇబ్బంది! ఫిల్మంత సెన్సారు గల "డి-3"ను నికాన్ 2007లో తెచ్చిన పిమ్మట గాని ఈ కొరత తీరలేదు.

పాతదానిని నిలుపుకొనుటకు మూల్యము కూడ కలదు. 46.5 మిల్లీమీటర్ల దూరము అద్దము లేచి పడుటకు కావలసిన చోటు. అద్దము లేని కెమెరాలు వచ్చిన తరువాత ఆ చోటు వృథా అయ్యెను. 44 మిల్లీమీటర్ల ఇరుకు ద్వారము కటకములు రూపొందించువారిని కట్టివేయుచుండెను. 2018లో నికాన్ కూడ "జడ్" అను క్రొత్త కంకణమును చేపట్టెను. దాని ద్వారము 55 మిల్లీమీటర్లు. సెన్సారునకు దూరము 16 మాత్రమే.

అయితే ఈ మార్పులో ఒక అనుకూలత దాగియున్నది. కెనాన్ నాడు దూరమును పెంచెను. నికాన్ నేడు తగ్గించెను. తగ్గిన దూరమును పూరించుట సులభము. 46.5 నుండి 16 తీసివేయగా మిగులునది 30.5. అంత మందము గల బోలు వలయమొకటి కెమెరాకును కటకమునకును నడుమ ఉంచినచో, పాత కటకము తన పూర్వస్థానముననే నిలిచినట్లగును. అందు అద్దము ఉంచవలసిన పని లేదు. అట్టి వలయమును ఆ కెమెరాలతో పాటే నికాన్ విడుదల చేసెను. దానిలో మోటారు లేదు గనుక, కెమెరాలోని మోటారుపై ఆధారపడిన పాత కటకములు దానిపై తమంతట తాము నాభీకరణము చేసికొనవు. వానిని కలిగినవారు వలయము బిగించి, కటకమును చేతితోనే త్రిప్పుచు, చిత్రములు తీసికొనుచున్నారు.