మట్టి దారికి తగ్గ బండి



మనలో చాలామంది ఊళ్ళకి తారు రోడ్డు లేదు. మా ఊరు పాడేరు కొండల్లో ఉంది. తారు రోడ్డు నుంచి 4 కిలోమీటర్లు ఎర్రమట్టి దారి, మధ్యలో రెండు గెడ్డలు. వానాకాలం 108 బండి తారు రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి దాకా జబ్బు మనిషిని డోలీ కట్టి మోసుకు రావాల్సిందే. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

మా చిన్నాన్నకి 100 సి.సి. మోటారు సైకిలు ఉంది. సంతకి పసుపు, రాజ్మా మూటలు తీసుకెళ్ళే మామూలు బండే. దాన్నే తక్కువ ఖర్చుతో మట్టి దారికి సరిచేశాడు. సెలవుల్లో నేను పక్కనుండి స్పానర్లు అందించాను, అడిగి రాసుకున్నాను. "ఇంజను బలం కాదమ్మా, నేల మీద పట్టుండాల" అని చిన్నాన్న అంటాడు. పాఠం అంతా ఈ మాటలోనే ఉంది.

1. టైరు: తారు రోడ్డు టైరుకి గీతలు సన్నగా ఉంటాయి. వాటిలో బురద నిండితే టైరు నున్నగా అయిపోతుంది, ఘర్షణ తగ్గి జారిపోతుంది. గుబ్బలు పెద్దగా, ఎడంగా ఉన్న టైరు మట్టిని కరిచి పట్టుకుంటుంది. దీన్ని బటన్ టైరు అంటారు. డబ్బులు ఒక్క టైరుకే ఉంటే వెనక వెయ్యాలి, ఎందుకంటే బండిని తోసేది వెనక చక్రం. సైజు మాత్రం పాతదే ఉండాలి. తడి తారు రోడ్డు మీద ఈ టైరుతో మెల్లగా వెళ్ళాలి.

2. గాలి: పీడనం = బలం ÷ వైశాల్యం అని సైన్సులో చదివాం కదా. టైరులో గాలి కొంచెం తగ్గిస్తే టైరు నేల మీద వెడల్పుగా ఆనుతుంది. బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది, కాబట్టి చక్రం తక్కువగా దిగబడుతుంది. బండి పుస్తకంలో 28 పాయింట్లు అని ఉంటే బురదలో 21 దాకా తగ్గించవచ్చు. మూటలున్నా, వెనక మనిషి ఉన్నా తగ్గించకూడదు, రాయి తగిలి ట్యూబు నొక్కుకుపోతుంది. తారు రోడ్డు ఎక్కగానే చేతి పంపుతో మళ్ళీ కొట్టాలి.

3. చైను స్ప్రాకెట్: ఇది లెక్కల పాఠం. ముందు చక్రానికి 14 పళ్ళు, వెనక దానికి 42 పళ్ళు అనుకోండి. 42 ÷ 14 = 3. ముందుది 13 పళ్ళది వేస్తే 42 ÷ 13 = 3.23. అంటే లాగుడు సుమారు 7.7 శాతం పెరుగుతుంది, అదే ఇంజను తిరుగుడుకి వేగం కొంత తగ్గుతుంది. కొండ ఎక్కేవాళ్ళకి వేగంతో పనేముంది? మార్చాక చైను బిగువు సరిచూడాలి.

4. మడ్‌గార్డు, రేకు: ముందు మడ్‌గార్డుకీ టైరుకీ సందు తక్కువైతే జిగట మట్టి ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. పొడుగు బోల్టులు, వాషర్లు వేసి దాన్ని కొంచెం పైకి లేపాడు. ఇంజను కింద రాళ్ళు తగలకుండా ఇనుప రేకు పెట్టించాడు. రేకుకి చిల్లులు ఉండాలి. లేకపోతే మట్టి నిలిచి ఇంజను వేడెక్కుతుంది.

5. గెడ్డ దాటడం: ముందు కర్రతో నడిచి లోతు చూడాలి. నీళ్ళు చక్రం ఇరుసు దాటి ఉంటే బండి దింపవద్దు. మొదటి గేరులో ఆపకుండా వెళ్ళాలి. గట్టెక్కాక బ్రేకు మెల్లగా నొక్కుతూ కొంత దూరం పోతే డ్రమ్ములో తడి ఆరుతుంది. ఇంజనులోకి నీళ్ళు పోతే కిక్కు కొట్టకూడదు, ముందు ప్లగ్గు విప్పాలి.

6. చిన్నాన్నకి అయిన ఖర్చు: వెనక టైరు 1,700, స్ప్రాకెట్ 250, రేకు వెల్డింగు 500, పంపు 350, బోల్టులు 50. మొత్తం 2,850 రూపాయలు.

7. జాగ్రత్తలు: 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ లెక్కలు మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. ఇంజను, ఫ్రేము, సైలెన్సరు ముట్టుకోవద్దు. మిగతావి కూడా తెలిసిన మెకానిక్కునీ, రవాణా శాఖ వాళ్ళనీ అడిగి చెయ్యాలి. గేర్ల బండి నడపాలంటే 18 ఏళ్ళు నిండాలి. హెల్మెట్టు తప్పదు.

ఈ బండి డోలీకి బదులు కాదు. నొప్పులు పడుతున్న తల్లిని దీని మీద కూర్చోబెట్టకూడదు. కానీ నర్సమ్మ గారిని పైకి తీసుకు రావచ్చు, మందులు తేవచ్చు, ఫోను అందని చోటు నుంచి కబురు చెప్పవచ్చు. గంటల పని నిమిషాల్లో అవుతుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఏజెన్సీలో ఫీడర్ అంబులెన్సులని మోటారు సైకిళ్ళు పెట్టింది. మనకి కావాల్సింది మంచి రోడ్డే. అది వచ్చేదాకా ప్రతి ఊళ్ళో ఇలాంటి బండి ఒక్కటైనా ఉండాలి, బాగుచేయడం మనకి రావాలి. స్పానరు పట్టుకోడానికి అబ్బాయే అయి ఉండక్కర్లేదు.

ఆలోచించండి:
1. ముందు 14, వెనక 45 పళ్ళు ఉంటే లెక్క ఎంత? 42 ÷ 13 కంటే లాగుడు ఎక్కువా, తక్కువా?
2. ఇసుకలో గాలి తగ్గిస్తే ఏమవుతుంది? ఎందుకు?
3. మీ ఊరి దారిలో బండి ఎక్కడ ఆగిపోతుంది? బొమ్మ గీసి ఈ పత్రిక కింద అంటించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని