చేతికి కట్టే పట్టీ చూపని రక్తపోటు



లాక్టోమీటరు పాల సాంద్రతను చూపుతుంది గాని వెన్న శాతం చెప్పదు. అందుకు వేరే పరీక్ష కావాలి. రక్తపోటు విషయం కూడా ఇటువంటిదే.

గుండె ఎడమ భాగం శరీరమంతటికీ, కుడి భాగం ఊపిరితిత్తులకూ రక్తాన్ని పంపుతాయి. చేతికి పట్టీ కట్టి చూసేది ఎడమ వైపు ఒత్తిడిని మాత్రమే. ఊపిరితిత్తుల రక్తనాళాలు ఇరుకైతే అక్కడ ఒత్తిడి పెరిగి, కుడి గుండె శ్రమపడి క్రమేణా అలసిపోతుంది. దీనినే ఊపిరితిత్తుల రక్తపోటు అంటారు. ఆ ధమనిలో సగటు ఒత్తిడి విశ్రాంతి వేళ సుమారు 14 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 20 దాటితే జబ్బుగా ఎంచాలని 2022 నాటి ఐరోపా వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇది పశువులకూ వస్తుంది. అమెరికాలోని కొలరాడో కొండలలో మేసే పశువులకు రొమ్ము వద్ద నీరు దిగే జబ్బును 1915లో పశువైద్యులు వర్ణించారు. ఎత్తైన చోట ప్రాణవాయువు తగ్గి, ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకొనడమే దానికి మూలం. వాపు ఒకచోట, దోషం మరొకచోట!

గుర్తులు: నడిచినా, మెట్లెక్కినా ఆయాసం, అలసట, గుండెదడ, సొమ్మసిల్లడం, పాదాల వాపు, పెదవులు నీలబడడం.

కారణాలు: పుట్టుకతో గుండెలో రంధ్రం, చిన్ననాటి కీళ్లవాత జ్వరంతో చెడిన కవాటాలు, పొగాకు లేదా పొయ్యి పొగతో పాడైన ఊపిరితిత్తులు, అక్కడ నిలిచిపోయిన రక్తపు గడ్డలు. కొందరిలో కారణం తెలియదు.

బిందె మోసుకొని పాల కేంద్రానికి నడిచే మనకు ఆయాసం త్వరగానే తెలుస్తుంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మాదాపూరు, గచ్చిబౌలి ఆఫీసులకు వెళ్లిన మన పిల్లల సంగతి వేరు. లిఫ్టు ఎక్కేవారికి ఆయాసం బయటపడదు. పడినా "ఒళ్లు వచ్చింది" అని సరిపెట్టుకుంటారు. గంటల తరబడి కదలక కూర్చుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉన్నది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి కరగకపోతే ఈ జబ్బుకు దారితీయవచ్చు. అటువంటి గడ్డలను కొందరిలో శస్త్రచికిత్సతో తొలగించవచ్చు.

సోదరీమణులు ఒక మాట ముఖ్యంగా గమనించాలి. ఈ జబ్బు ఉన్నవారికి గర్భం ప్రాణాపాయం. డాక్టరుతో ముందుగా మాట్లాడకుండా గర్భం ధరించరాదు.

చేయవలసినది: ఆయాసం వారాల తరబడి తగ్గకపోతే, చేతి రక్తపోటు సరిగా ఉన్నదని ఊరుకొనరాదు. "గుండెకు ఎకో పరీక్ష అవసరమా?" అని డాక్టరును అడగండి. ఎకోలో అనుమానం వస్తే, గుండెలోనికి సన్నని గొట్టం పంపి ఒత్తిడి కొలిచి నిర్ధారిస్తారు. హైదరాబాదులో ఉన్నవారికి పంజగుట్ట నిమ్స్‌లో గుండె విభాగం ఉన్నది. కారణాన్ని బట్టి మందులున్నాయి. ఎంత ముందు తెలిస్తే అంత మేలు. సొమ్మసిల్లినా, ఆయాసం హఠాత్తుగా వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చండి.

కార్యదర్శులు ఈ పాఠాన్ని పాలు పోసే వేళ చదివి వినిపించవలెనని కోరుచున్నాను. పట్నంలో ఉన్న పిల్లలకు ఫోనులో చెప్పే పని తల్లిదండ్రులది.