నికెల్ మీద వాయువుల పని



ఉత్ప్రేరకం అంటే ఏమిటని పరీక్షలో అడిగితే, చర్యలో పాల్గొనకుండా దాని వేగాన్ని మార్చే పదార్థం అని రాసి రెండు మార్కులు తెచ్చుకుంటాం. నిజానికి అది పాల్గొంటుంది. చర్య చివర మళ్లీ మిగులుతుంది, అంతే. ఈ సంగతికి ఉదాహరణ మన కాసిపేట నుండి గోదావరి దాటితే రామగుండంలోనే ఉంది.

అక్కడ 1980లో మొదలైన పాత ఎరువుల కర్మాగారం బొగ్గుతో యూరియా తయారు చేసేది. అది 1999లో మూతపడింది. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆర్.ఎఫ్.సి.ఎల్. సహజవాయువుతో నడుస్తుంది. అందులోని మీథేన్‌ను నీటి ఆవిరితో కలిపి, నికెల్ గుళికలు నింపిన గొట్టాల గుండా సుమారు 800 డిగ్రీల వేడిలో పంపితే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. ఆ హైడ్రోజన్ గాలిలోని నత్రజనితో కలిసి అమ్మోనియా, దాని నుండి యూరియా. మన పత్తి చేలకు వేసే తెల్లని మందు అలా పుడుతుంది.

ఇంతకీ నికెల్ ఏం చేస్తుంది? లోహం లోపలి పరమాణువుకు అన్ని వైపులా తోటి పరమాణువులు ఉంటాయి. పైపొరలో ఉన్నదానికి ఒకవైపు ఖాళీ. ఆ వైపున అది వాయు అణువును పట్టుకుంటుంది. దీనినే అధిశోషణం అంటారు. పట్టుబడిన మీథేన్ నుండి హైడ్రోజన్ పరమాణువులు ఒక్కొక్కటే విడిపోతాయి. మిగిలిన కార్బన్‌ను ఆవిరి నుండి వచ్చిన ఆక్సిజన్ తీసుకుపోతుంది. ఆవిరి తక్కువైతే కార్బన్ సన్నని పోగులుగా పెరిగి గుళికలనే పగలగొడుతుంది.

పట్టు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది అనుకోకండి. పట్టుకోవాలి, వదలాలి కూడా. గంధకాన్ని నికెల్ వదలలేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ తాకితే హైడ్రోజన్ వెళ్లిపోతుంది, గంధకం అతుక్కుని ఉండిపోతుంది. బస్సులో సీటు మీద తువ్వాలు వేసినవాడు చివరి స్టేజీ వచ్చినా దిగనట్టే! అందుకే వాయువును ముందుగా జింక్ ఆక్సైడ్ మీదుగా పంపి, కోటి పాళ్లలో ఒక పాలు గంధకం కూడా మిగలకుండా చూస్తారు.

కార్బన్ మోనాక్సైడ్ దారి వేరు. అది చల్లని నికెల్ నుండి పరమాణువులనే పెకలించుకుపోతుంది. 1890లో లుడ్విగ్ మాండ్, ఆయన సహచరులు ఈ వాయువును నికెల్ పొడి మీదుగా పంపి వెలిగించారు. మామూలుగా నీలంగా ఉండే మంట తళతళమని వెలిగింది. గొట్టాన్ని వేడి చేస్తే లోపల నికెల్ అద్దంలా పూతపడింది. ఒక నికెల్ పరమాణువును నాలుగు కార్బన్ మోనాక్సైడ్ అణువులు మోసుకొచ్చాయన్నమాట! ఆ పదార్థమే నికెల్ కార్బొనిల్. 43 డిగ్రీలకే మరుగుతుంది, ఘోరమైన విషం. కర్మాగారాన్ని ఆపేటప్పుడు 200 డిగ్రీల కన్నా చల్లబడిన నికెల్‌కు ఈ వాయువు తగలనివ్వరు.

గని కార్మికుల పిల్లలకు ఈ వాయువు పేరు కొత్త కాదు. భూగర్భంలో బొగ్గు తనంతట తాను వేడెక్కినప్పుడు పుట్టేది ఇదే. రంగు లేదు, వాసన లేదు. నికెల్‌ను పట్టుకున్నట్టే రక్తంలోని ఇనుమును పట్టుకుంటుంది, అదీ ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా. ఇక ఆక్సిజన్‌కు చోటెక్కడ? గనిలో నడుముకు కట్టుకునే ఫిల్టర్ రకం సెల్ఫ్ రెస్క్యూయర్‌లో మాంగనీస్, రాగి ఆక్సైడ్లు ఉండి, దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి. అదీ ఉత్ప్రేరకమే. దానికి తేమ పడదు. సీలు ఊడిన డబ్బాలోకి తేమ చేరితే అది పనికిరాదు కాబట్టి, గనిలోకి దిగకముందే దాన్ని మార్పించుకోవాలి.