సంఖ్యాపద్యములు: వినోదము, పాఠనిర్ణయము

లెక్కను పొడుపుగా నడిగి విప్పించుకొనుట మన దేశమున విద్వద్గోష్ఠులకును, వీధి అరుగులకును సమానముగ చెందిన వినోదము. సాహిత్య చరిత్రకారులు ఇట్టి పద్యములను చాటువులలో చేర్చి, చమత్కారమును మెచ్చి విడిచిపెట్టుట కలదు. అయితే లెక్కను స్వయముగ సాధింపక సంఖ్యాపద్యమును పరిష్కరింపరాదని ఈ వ్యాసమున ప్రతిపాదింపబడుచున్నది.

రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. ఇది 1912లో మదరాసున రంగాచార్యుల సంపాదకత్వమున ఆంగ్లానువాదముతో అచ్చయినది. అందలి కొన్ని గుణకారముల ఫలములు హారమువలె ఇరుదెసలనుండి ఒకే తీరున చదువబడును. 139ని 109చే గుణించిన 15151 వచ్చును. 12345679ని 9చే గుణించిన తొమ్మిది ఒకట్లు వరుసగా వచ్చును. శాస్త్రగ్రంథమే వినోదమునకు చోటిచ్చినదనుటకు ఇది నిదర్శనము. ఈ గ్రంథమును పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి తెచ్చెను.

మల్లన పేర ప్రసిద్ధమైన యొక పద్యము చదరంగపు గడుల లెక్కను చెప్పును. మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గడులు నింపిన మొత్తమెంత? 1, 2, 4, 8 కలిపిన 15. తరువాతి గడికి రావలసినది 16. అనగా మొత్తము, తరువాతి గడి సంఖ్యకు ఒకటి తక్కువ. ఈ సూత్రముచే సమాధానము 18446744073709551615. పద్యమున ఈ యిరువది అంకెలును భూతసంఖ్యలతో, ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమకు నడచుచు చెప్పబడినవి.

భూతసంఖ్యలలో శరము 5, ఋతువు 6, గిరి 7, కరి 8. రసమన్నచో అలంకారశాస్త్రమును తలచి 9 యనరాదు. షడ్రుచులనుబట్టి అది 6. ‘శర’, ‘ఋతు’, ‘గిరి’, ‘కరి’ అను నాలుగును రెండేసి లఘువులే. పాదారంభమున యతిప్రాసలు కొంత కాపాడును గాని, పాదమధ్యమున లేఖకుడు ఒకదానికి మారుగా మరియొకటి వ్రాసినను గణభంగము కలుగదు. ఛందస్సు మౌనము వహించిన యీ తావున లెక్కయే సాక్షి.

ఆ సాక్ష్యమును సులభముగ పరీక్షింపవచ్చును. రెండును ఆరుమార్లు గుణించినచో వచ్చు ఫలమును 9చే భాగింప శేషము 1. కావున అరువదినాలుగు మార్ల గుణకారములో అరువదింటిని విడువవచ్చును. మిగిలిన నాలుగింటికి 16. దాని శేషము 7. ఒకటి తీసివేయగా 6. పై సంఖ్య అంకెల మొత్తము 87. దానిని 9చే భాగించినను శేషము 6. ఒక అంకె మారినచో ఈ పొందిక చెడును. కాని సున్నకు మారుగా తొమ్మిది వ్రాసినను, అంకెలు తారుమారైనను ఈ పరీక్ష పట్టజాలదు.

అందుకు 11తో రెండవ పరీక్ష కలదు. ఒకట్ల స్థానమునుండి ఒకటి విడిచి యొకటిగా కూడిన 62, తక్కినవి కూడిన 25. భేదము 37, శేషము 4. రెండును పదిమార్లు గుణించిన 1024. దానిని 11చే భాగింప శేషము 1. ఇచ్చటను అరువదింటిని విడువగా మిగిలిన 16కు శేషము 5, ఒకటి తీసిన 4. ప్రక్కప్రక్కనున్న రెండు భిన్నాంకెలు తారుమారైన ఇది తెలుపును. సంపూర్ణ నిర్ణయమునకు పూర్తి గణనమే శరణ్యము.

ఇందొక హెచ్చరిక కలదు. ఏదేని ప్రతిలో తుది అంకె 5కు మారుగా 6 కనబడినచో వెంటనే లేఖకదోషమనరాదు. మొత్తమును గాక, అరువదియైదవ గడికి రావలసినదానిని అడిగినచో సమాధానము 6తోనే ముగియును. కావున ప్రశ్నను చదువక సమాధానమును దిద్దినవాడు కవిపాఠమునే చెరపవచ్చును.

లెక్క విలువను నిర్ణయించును. ఆ విలువగల పర్యాయపదములలో ఏది కవిప్రయుక్తమో ఛందస్సును, ప్రతులును నిర్ణయించును. భారతీయ భాషలలో భూతసంఖ్యలతో కూడిన పద్యములును, శాసనములలో శకవత్సరములును కలవు. వానిని పరిష్కరించువారు పాఠాంతరముల ప్రక్కన గణనఫలమును గూడ చూపినచో, వినోదమునకై పుట్టిన విద్య పాఠశోధనమునకు తోడ్పడగలదు.