టోక్యో స్టేషన్‌లో రైలు మారడానికి ఎంతసేపు?

ప్రశ్న: నరిటా ఎయిర్‌పోర్టులో దిగి క్యోటో వెళ్లాలి. టోక్యో స్టేషన్‌లో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) అందుకోవడానికి 20 నిమిషాలు సరిపోతాయా?

జవాబు: దారి తెలిసినవాళ్లకు సరిపోతాయి. పెట్టెలతో మొదటిసారి వెళ్తున్నవారు 40 నిమిషాలు పెట్టుకోండి. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే నరిటా ఎక్స్‌ప్రెస్ రైలు ఆగేది నేలకింద ఐదో అంతస్తులో, మరునోఉచి వైపు. క్యోటో రైళ్లేమో పైన, అవతలి యాయెసు వైపు, 14 నుంచి 19 ప్లాట్‌ఫారాల్లో. స్టేషన్ బయటికి పోకుండా లోపలే నీలిరంగు ‘టోకైడో షింకన్‌సెన్’ బోర్డులు చూస్తూ నడవండి. ఆకుపచ్చవి సెండాయ్ వైపు రైళ్లవి, వాటి వెంట పడకండి! పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే సామాను చోటున్న సీటు ముందే రిజర్వు చేసుకోవాలి. నన్నడిగితే, మీ ఎక్స్‌ప్రెస్ షినగావాలో ఆగేదైతే అక్కడే మారడం మేలు. క్యోటో రైళ్లన్నీ అక్కడా ఆగుతాయి, నడకా తక్కువ.