రౌటర్‌కు తాళం వేసే ముందు

"రాత్రి పదకొండు దాటినా మావాడు ఫోను వదలడం లేదండీ, వాడికొక్కడికే నెట్ ఆపేసే దారి ఏమైనా ఉందా?" పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి అయిపోయాక, లేవబోతూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఈ మధ్య ఇదే. అడిగేవాళ్ల ముఖంలో కోపం కంటే దిగులే ఎక్కువ కనిపిస్తుంది.

దారి ఉంది, భయపడేంత పని కూడా కాదు. రౌటర్‌ను తిరగేస్తే అడుగున చిన్న స్టిక్కరు ఉంటుంది. దాని మీద 192.168.1.1 లాంటి అంకెలు, పక్కనే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. ఇంటి వైఫై మీదున్న ఫోన్‌లో బ్రౌజరు తెరిచి ఆ అంకెలు కొడితే సెట్టింగ్స్ పేజీ వస్తుంది. ఈ పేజీ పాస్‌వర్డ్ వేరు, రోజూ వాడే వైఫై పాస్‌వర్డ్ వేరు. చాలా ఇళ్లలో ఈ పేజీ పాస్‌వర్డ్ కనెక్షన్ ఇచ్చినప్పటి 'అడ్మిన్' గానే ఉండిపోతుంది. ముందు దాన్ని మార్చుకుందాం. తర్వాత 'పేరెంటల్ కంట్రోల్' లోకి వెళ్లి, పిల్లల ఫోను ఎంచుకుని, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నెట్ ఆగేలా వేళలు పెట్టొచ్చు. రౌటర్ గడియారం మన టైము చూపిస్తోందో లేదో మాత్రం చూసుకోవాలి, లేకపోతే పట్టపగలు ఆన్‌లైన్ క్లాసు మధ్యలో నెట్ పోతుంది. డీఎన్‌ఎస్ అన్నచోట 1.1.1.3 అని ఇస్తే అశ్లీల సైట్లు చాలామటుకు తెరుచుకోవు.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. ఈ తాళం మనం అనుకున్నంత గట్టిది కాదు. సిమ్‌లో డేటా ఉంటే వైఫై ఆగగానే పిల్లలు అందులోకి వెళ్లిపోతారు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోన్లు వైఫైకి తమ అసలు అడ్రసు బదులు మారు అడ్రసు చూపించగలుగుతున్నాయి. ఆ ఒక్క సెట్టింగు మారిస్తే చాలు, మనం ఆపిన ఫోనే రౌటర్‌కు కొత్త ఫోనులా కనిపిస్తుంది. ఇంకా తెగిస్తే, రౌటర్ వెనకున్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి కాసేపు నొక్కిపట్టి, మనం పెట్టినవన్నీ చెరిపేస్తారు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇవేమీ కొత్త విద్యలు కావు.

అయినా వాళ్లది దొంగబుద్ధి అనుకోకండి. పదమూడేళ్ల పిల్లాడు నలుగురి జట్టులో ఆట ఆడుతుంటాడు. సరిగ్గా పది గంటలకు నెట్ తెగిపోతే, మిగతా ముగ్గురికీ వీడు మధ్యలో వదిలేసి పారిపోయినట్టే ఉంటుంది. మర్నాడు క్లాసులో ఆ మాట పడాల్సింది వీడే. అమ్మాయిల గ్రూపుల్లో కబుర్లన్నీ రాత్రే సాగుతాయి. పొద్దున అందరూ ఒక మాటకు నవ్వుతుంటే, ఎందుకో తెలియని పిల్ల ఒక్కతే మిగిలిపోతుంది. మనకు అది కాలక్షేపం. ఆ వయసుకు పరువంతా అక్కడే ఉంటుంది. చెప్పాపెట్టకుండా నెట్ కట్టేయడం, భోంచేస్తున్నవాడి ముందు నుంచి కంచం లాగేసినట్టు ఉంటుంది. ఆకలి కంటే అవమానం ఎక్కువ గుర్తుంటుంది.

నాకు అసలు భయం మరొకటి. ముక్కూ మొహం తెలియనివాడెవడో ఫోటో పంపమని బెదిరిస్తున్నాడనుకోండి. ఏ రౌటరూ దాన్ని పట్టుకోలేదు. అది మనకు తెలియాలంటే పిల్లలే నోరు తెరిచి చెప్పాలి. 'అమ్మకు తెలిస్తే ఫోను పోతుంది' అనే భయం మొదలైతే, చెప్పాల్సిన రోజున కూడా చెప్పరు.

అందుకే ఆ సెట్టింగ్స్ పేజీని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని తెరుద్దాం. రాత్రి గొడవపడ్డాక కాదు, ఆదివారం పొద్దున తీరిగ్గా. స్టిక్కరు మీది అంకెలు వాళ్లనే చదవమనండి. ఎన్నింటికి ఆపాలో అడగండి. పదకొండు అంటే మనం పది అందాం, బేరమాడితే పదింబావు దగ్గర ఆగుదాం. ఆపడానికి ఓ పావుగంట ముందు గుర్తుచేస్తే ఆట ముగించుకునే వీలుంటుంది. ప్రాజెక్టు పని ఉన్న రాత్రి అడిగితే సడలిస్తామని ముందే చెబుదాం, ఆ మాట నిలబెట్టుకుందాం. ఆ పేజీలోని ఫోన్ల జాబితాలో నాన్న ఫోనూ, అమ్మ ఫోనూ కూడా కనిపిస్తాయి. వాటికీ అదే వేళ పెట్టగలమా? ఇది మనకే కష్టం. మంచం మీద మనం రీల్స్ చూస్తూ వాళ్లను పడుకోమంటే ఆ మాటకు బరువుండదు. ఫోన్లన్నీ రాత్రి హాల్లోనే ఛార్జింగులో ఉంటే సిమ్ డేటా సంగతి కూడా చాలావరకు తీరిపోతుంది.

మొదటి వారం అలకలుంటాయి. అది మామూలే, కంగారుపడకండి. కానీ వారాలు గడిచినా నిద్ర లేక, తిండి సరిగా తినక, స్నేహితుల ఊసెత్తితేనే ముడుచుకుపోతుంటే మాత్రం సెట్టింగ్స్ పక్కనపెట్టి పిల్లల డాక్టరుకు చూపిద్దాం. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ కౌన్సెలర్లు ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. ఎవరైనా బెదిరిస్తున్నారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి, ఆ మెసేజీలు మాత్రం చెరిపేయకండి.