బొగోటాలో ఒక్క రోజు

ప్రశ్న: కొలంబియా రాజధాని బొగోటాలో మాకు ఒక్క రోజే వీలుంది. ఏం చూడమంటారు?

జవాబు: వీలైతే ఆదివారం పెట్టుకోండి. ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా చాలా ప్రధాన రోడ్లపై కార్లు కనపడవు, సైకిళ్లదే రాజ్యం. అయితే ఊరు 2,600 మీటర్ల ఎత్తున ఉంది, ఆయాసం వస్తుంది, నెమ్మదిగా తిరగండి. మోన్‌సెరాతే కొండ ఆ రోజు భక్తులతో కిటకిటలాడుతుంది, వదిలేయండి. బంగారు మ్యూజియంలో మాత్రం ముయిస్కా అనే ఆదివాసుల తెప్ప దగ్గర తొందరపడొద్దు. జానెడైనా లేని ఆ బంగారు తెప్ప మీద నడుమ దొర, చుట్టూ పరివారం! తర్వాత పాతబస్తీ లా కాండెలారియా వీధుల్లో వేడి చాక్లెట్ తాగండి. చీజ్ ముక్కలు అందులోనే వేసి, మెత్తబడ్డాక చెంచాతో తీసుకుని తింటారు. వినడానికి వింతే గానీ భలే ఉంటుంది. పక్కనే ఉన్న బొటెరో మ్యూజియానికి టికెట్ లేదు. వాన ఎప్పుడైనా పడొచ్చు, గొడుగు మరవకండి.